వెనక చక్రం అంకె

"టైర్లో గాలెంతుండాదో ఫోను చెప్తాదా!" అని ధర్మవరంలో పంచరు అంగడి సిద్దయ్య ఎగతాళి చేసినపుడు అంజనమ్మ ఆడనే ఉండాది. ఆయప్ప గాలి మీటరు వేరే అంకె చూపిస్తే, తన బండి టైరు మూతుల్లో బిగించిన సెన్సార్లు చూపించి, "నీ మీటరే తప్పు, ఇంకోటి తెప్పియ్యన్నా" అనింది జ్యోతి. కొత్త మీటరు ఫోను చెప్పిన అంకే చూపించింది.

ఈ పొద్దు ముసిల్ది అంజనమ్మ ఆ జ్యోతి బండెనకనే కూర్చోనుండాది. ఒళ్లో తాను నేసిన ముహూర్తం చీర. పదికల్లా కంబదూరులో పెండ్లికూతురు కట్టుకోవాల. సగం దోవలో వెనక టైరుకు తుమ్మముల్లు దిగింది. చుట్టూ ఎండిన శనక్కాయ చేన్లే, ఒక్క అంగడి లేదు.

అంజనమ్మ ముల్లు పీకబోయింది.

"పీకొద్దవ్వా! ఉన్న గాలీ పోతాది."

జ్యోతి కాలిపంపుతో గాలి కొట్టి ఫోను చూసింది. ముప్పై. చూస్తాండగానే ఇరవై తొమ్మిదాయ.

"తొమ్మిదింపావైందే, కదలవే తల్లీ!" అని అరిచింది ముసిల్ది.

అంజనమ్మ బడి మొగం చూడలేదు గానీ, అంకెల్లో ఎవురికీ తీసిపోదు. జ్యోతికది తెలుసు. ఫోను ఆమె చేతిలో పెట్టింది.

"గుంతల దోవ, నేను దీన్ని చూళ్లేను. దీని కూత గాలికి ఇనపడదు. ఇరవై కిందికి దిగిందంటే నా వీపు మీద గట్టిగా ఒకటి చరుచు, ఆపి మళ్లా గాలి కొడతా. అంతకు ముందు మాత్రం కొట్టొద్దవ్వా, ఎంత కోపమొచ్చినా."