రెండు కుండల నీళ్లు

నిజాం కాలం నాటి మాట. హిందూ ముస్లింల కొట్లాట జరిగి వారం కూడా కాలేదు. గద్వాల స్టేషన్‌లో చీరల మూట మీద కూర్చోలేక, నిలబడలేక రైలు కోసం చూస్తున్నాను. అక్కడ హిందువులకొక నీళ్ల కుండ, ముస్లింలకొక కుండ. రెండింట్లోనూ ఎవరో విషం కలిపారని పొద్దున్నే పుకారు లేచింది. దూపతో నాలుకలు పిడచకట్టుకుపోతున్నా ఎవరూ కుండ ముట్టడం లేదు. ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నాం.

ఇంతలో ఎవరో ముసలామె లేచి, ఈ కుండలో ఒక ముంత, ఆ కుండలో ఒక ముంత తాగి, గోడకానుకుని కళ్లు మూసుకుంది. ఆమె చస్తుందా బతుకుతుందా అని అందరం చుట్టూ మూగాం. ఎంతకూ కదలలేదు. రూమీ టోపీ పెట్టుకున్న ఒక సాయిబూ, నేనూ ఒకేసారి వంగి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టాం.

"ఇంకా సావలేదు గని, తాగుండ్రి" అంది ఆమె కళ్లు తెరవకుండానే.

జనం కుండల మీద పడ్డారు. ఎవరు ఏ కుండలో తాగారో ఎవరూ చూడలేదు.

రైలు వచ్చాక ఆమెను చెయ్యిపట్టి ఎక్కిస్తూ అడిగాను.

"నీకు భయం కాలేదా అవ్వా?"

"ఎందుకు గాదు బిడ్డా? మస్తు భయమైంది. గని దూప అంతకన్న ఎక్కువైంది."