మా నాన్న సగం వేలు

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నం తిని కాస్త నడుం వాల్చుదామనుకుంటుండగా మా మనవరాలు గోడకున్న మా నాన్న ఫొటో కిందికి దించి, ఫోన్‌తో దాన్ని మళ్ళీ ఫొటో తీసి, ఏవో రెండు మూడు చోట్ల నొక్కి, ఇదిగో చూడమని నా కళ్ళ ముందు పెట్టింది. చెదలు తిన్న మూలలు బాగుపడ్డాయి, చెమ్మ మరకలు పోయాయి, ఇన్నేళ్ళూ బూడిద రంగులో ఉన్న మనిషి ముఖంలోకి రక్తం వచ్చింది. చొక్కా మాత్రం నీలం చేసింది. మా నాన్న జన్మలో నీలం చొక్కా తొడుక్కోలేదు, ఆ సంగతి దానికేం తెలుస్తుంది పాపం. మోకాలి మీద పెట్టుకున్న ఎడమ చెయ్యి కూడా స్పష్టంగా తేలేసరికి, చూపుడు వేలు సగమే ఉందని మా మనవరాలు మొదటిసారి గమనించి, ఆ వేలికి ఏమైందని అడిగింది. క్రేను తినేసిందిలే అన్నాను. చిన్నప్పుడు మా నాన్న నాకు చెప్పిన జవాబు అదే. ఆరేళ్ళ వయసులో నేను ఆ జవాబుతో ఊరుకున్నాను గాని పదమూడేళ్ళ ఈ పిల్ల ఊరుకోలేదు, ఎలా తినేసింది, ఎప్పుడు, ఆసుపత్రికి ఎవరు మోసుకెళ్ళారు అని వరస పెట్టింది. నాకు తెలియదు. తెలుసుకునే దారి ఒకప్పుడు ఉండేది, దాన్ని నా చేతులతో నేనే మూసేసుకున్నాను.

మాది ఖిదిర్‌పూర్. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి మీసం రాని వయసులో ఈ బెంగాలీ మహానగరానికి వచ్చి, రేవులో క్రేన్ల దగ్గర పనికి కుదిరి, అక్కడే పింఛను పుచ్చుకున్నారు. నేను ఆ దగ్గరలోని ఒక తెలుగు బడిలో పాతికేళ్ళ పైచిలుకు సాంఘికశాస్త్రం చెప్పాను. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఈ ఊళ్ళో కంప్యూటరంటే ఉద్యోగాలు మింగడానికి వచ్చిన భూతం. మా ఆయన ఎర్రజెండా పట్టుకుని, కంప్యూటర్ చోల్‌బే నా, అంటే సాగనివ్వం అని అరుచుకుంటూ ఊరి నడిబొడ్డున ఉన్న ధర్మతలా దాకా ఊరేగింపులో నడిచి, బొబ్బలెక్కిన కాళ్ళతో ఇంటికి వస్తే ఉప్పు వేసి వేణ్ణీళ్ళు కాచి ఇచ్చినదాన్ని నేనే. తరవాత కొన్నేళ్ళకు అదే మనిషి రిక్షాలో పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కంప్యూటరు ఇంటికి తెచ్చారు. దానికి పూలగుడ్డతో ముసుగు కుట్టిందీ నేనే. మొదట్లో ఆయన్ని చూసి నవ్వాను గాని, ఆ పిచ్చి చివరికి ఆయనకన్నా నాకే ఎక్కువ పట్టింది. టెలిఫోను తీగ తగిలించగానే అది కీచుమని, గరగరమని ఏడ్చి, చివరికి ప్రపంచం తెరుచుకునేది. ఇంట్లో ఎవరూ కాలేజీ మెట్లెక్కని పిల్లలకు పాఠాలు చెప్పుకునే నాకు, ఏ ప్రశ్న వేసినా జవాబు చెప్పే పెట్టె ఇంట్లోకి రావడం ఎంత గొప్పగా తోచిందో ఇప్పుడు చెప్పినా ఈ పిల్లలకు అర్థం కాదు.

మా నాన్న అప్పటికి సాయంత్రాలు ట్రాం డిపో ఎదుట టీ దుకాణం బల్ల మీద తన ఈడు వాళ్ళతో కూర్చుని, దీపాల వేళకు ఇంటికి వచ్చేవారు. వచ్చాక నా వెనక కుర్చీలో కూర్చుని కాసేపు ఆ తెర వంక చూసేవారు. ఒకరోజు, "మీ బడిపిల్ల ఒకర్తి ఉన్నాదమ్మా, అడగడం తెలిసిన పిల్ల," అన్నారు. నేను తల తిప్పకుండా ఊఁ అన్నాను.

ఆ ఏడాదే తొమ్మిదో తరగతి పిల్లల్ని మన పేట చరిత్ర రాసుకు రమ్మన్నాను. బాగా రాసినవాళ్ళకు ప్రదర్శన రోజున బహుమతి అని కూడా ఆశపెట్టాను. బజారులో బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి, అన్నయ్యను వెంటబెట్టుకుని సైబర్ కేఫ్‌కి వెళ్ళి, రంగురంగుల బొమ్మలతో ఇంగ్లీషులో అచ్చుతీసిన కాగితాలు తెచ్చింది. రేవు ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, ఎంత లోతు, అన్నీ ఉన్నాయి. చివరి పేజీలో ఎక్కడెక్కడి నుంచి తీసుకుందో ఆ చిరునామాలన్నీ వరసగా ఉన్నాయి. నాకు కళ్ళు చెదిరిపోయాయి. పిల్ల అందులో ఒక్క వాక్యమైనా తనంతట రాసిందా అన్న అనుమానమే నాకు రాలేదు.

అదే తరగతిలో ఇంకో పిల్ల రేవు క్వార్టర్ల వెనక సందులో ఉండేది. తండ్రి లేడు, తల్లి పాత కాగితాలతో ఠోంగాలు అంటించి దుకాణాలకు ఇచ్చేది. ఠోంగా అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఈ ఊళ్ళో ఝాల్‌మూడి పోసి ఇచ్చే కాగితం సంచి. ఝాల్‌మూడి అంటే కారం కలిపిన మరమరాలు. ఈ పిల్ల రూళ్ళ పుస్తకం నిండా పెన్సిలుతో, మనవైపు మాటా బెంగాలీ హిందీ మాటలూ కలగలిపి, ఒక తాత ఇలాగ చెప్పినాడు, ఇంకో తాత అలాగ కాదన్నాడు అని రాసుకొచ్చింది. ఓడ కడుపులో ఏ సరుకుందో తలుపు తియ్యకముందే వాసన పట్టి చెప్పే మనుషుల గురించి ఒకచోట ఉంది. మరో పేజీ తిప్పితే పైన, తాతకి వేలు ఏటయిందంటే, అని ఉంది. గంట కొట్టే వేళవుతోంది, ఇంకా ముప్పై పుస్తకాలు దిద్దాలి. ఆ పేజీ చదవకుండానే తిప్పేసి, ఆఖరున ఎర్రసిరాతో, ఎక్కడ చూసి రాశావు, ఆధారం చూపలేదు, అని రాసి సగానికి తక్కువ మార్కులు వేశాను.

పుస్తకం అందుకున్నాక ఆ పిల్ల బల్ల దగ్గరే నిలబడిపోయింది. "చూసి రాయనేదు టీచరమ్మా, అడిగి రాసినాను," అంది. అడిగినవన్నీ చరిత్ర కావమ్మా అని, చాలా తెలిసినదానిలాగ, అందరి ముందూ చెప్పాను. బహుమతి అచ్చు కాగితాలకే వెళ్ళింది. మరుసటి ఏడాది ఆ పిల్ల కూడా సైబర్ కేఫ్ నుంచి కాగితాలు తెచ్చింది, చివర చిరునామాలతో సహా. పూర్తి మార్కులు వేసి భుజం తట్టాను. నేను చెప్పిన పాఠం అంత బాగా నేర్చుకున్నది నా ఉద్యోగంలో ఆ పిల్ల ఒక్కతే.

ఆ చలికాలంలోనే మా నాన్న నిద్రలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికకు వచ్చినవాళ్ళలో ఆ పిల్లా, వాళ్ళమ్మా కూడా ఉన్నారు. మా చుట్టాలకన్నా ఎక్కువగా ఆ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే నాకు వింతగా తోచి, మా నాన్న మీకెలా తెలుసని వాళ్ళమ్మనడిగాను. "అదేటి టీచరమ్మా, తాతగారి కాడ కూకునే కదా పుస్తకమంతా రాసినాది. దినామూ టీ దుకాణం కాడికి ఎల్లిపోయేది," అంది ఆవిడ. వేలు ఏటయిందంటే అన్న ఆ పేజీ పైవరస కళ్ళకు కట్టింది. మా నాన్న వేలి కథ నా బల్ల మీదికి, నా చేతిలోకి వచ్చింది. నేను దాన్ని తిప్పేశాను.

వారం తిరక్కుండా వాళ్ళింటికి వెళ్ళాను. తల్లీకూతుళ్ళిద్దరూ నేలమీద గంజిబంక గిన్నె పెట్టుకుని ఠోంగాలు అంటిస్తున్నారు. ఆ పుస్తకం ఒక్కసారి ఇమ్మంటే తల్లి నొచ్చుకుంది, పోయిన వానాకాలంలోనే చింపి ఠోంగాలు చేసేసినానని, టీచరమ్మ పనికిరాదన్న పుస్తకం మళ్ళీ అడుగుతాదని తనకేం తెలుసని అంది. పోనీ నోటితో చెప్పమ్మా, మా నాన్న వేలి గురించి ఏం చెప్పారు అని ఆ పిల్లను బతిమాలాను. నిజంగా బతిమాలాను, నా వయసూ ఉద్యోగమూ పక్కన పెట్టి. ఆ పిల్ల అంటిస్తున్న కాగితం అంచు వేలితో నొక్కి, ఆరబెట్టి, అప్పుడు తలెత్తింది. "గురుతు నేదు టీచరమ్మా. గురుతున్నా, దానికి ఆధారం నేదు కదా," అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే మరిచిపోయిందో, నాకు చెప్పడం ఇష్టం లేకపోయిందో ఈరోజుకీ తేల్చుకోలేను.

ఆ తరవాత చాలా ఏళ్ళు, ఖిదిర్‌పూర్‌లో ఎక్కడ ఝాల్‌మూడి కొన్నా, తిన్నాక ఆ ఠోంగా పారెయ్యకుండా అంటించిన చోట మెల్లగా ఊడదీసి, లోపల పెన్సిలు రాత ఉందేమోనని చూసేదాన్ని. టీచరమ్మకు మతి చలించిందని దుకాణం దాదా, ఈ ఊళ్ళో అన్నను అలాగే పిలుస్తారు, అనుకుని ఉంటాడు. పాలవాడి చీటీలు, ఎవరివో లెక్కల పరీక్ష కాగితాలు, ఎన్నికల కరపత్రాలు చాలా దొరికాయి. ఒకసారి అచ్చు కాగితం ఒకటి దొరికింది. ఇంగ్లీషులో మన రేవు చరిత్ర, అదే ఓడ బొమ్మ, నేను బహుమతి ఇచ్చిన అవే వాక్యాలు, కింద ఎవరో ఇంకో బడి పిల్లవాడి పేరు. ఆ వాక్యాలు ఊళ్ళో ఎన్ని బళ్ళలో ఉన్నాయో ఎవరికి తెలుసు. అవి పోతాయన్న భయం లేదు, ఇప్పుడు వెతికినా క్షణంలో దొరుకుతాయి.

కంప్యూటరును తిట్టుకోవడం నాకు చేతకాదు. ఈ వయసులో నా మందుల పేర్లు, దూరాన ఉన్న మా చెల్లెలి ముఖం, పాత కీర్తనలు అన్నీ దానివల్లే నాకు అందుతున్నాయి. నా బాధ వేరు. చేతికి అందే జవాబు రుచి మరిగాక, మనిషి దగ్గరకు వెళ్ళి కూర్చుని అడిగి తెచ్చుకునే జవాబు నా కంటికి ఆనడం మానేసింది. అది పిల్లలకు జరిగిందని అందరూ అంటారు గాని, ముందు జరిగింది వాళ్ళకు పాఠం చెప్పిన నాకు. టీ దుకాణం పోయింది, ఆ బల్ల మీద కూర్చున్న తాతలందరూ పోయారు. ఝాల్‌మూడి కూడా ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ సంచిలో పోసి ఇస్తున్నారు.

ఇదంతా చెప్పడం ముగించేసరికి మా మనవరాలి ఫోను ఒళ్ళో నల్లబడిపోయింది. తను ముత్తాత పాత ఫొటోను మళ్ళీ గోడకు తగిలించబోయి, ఆగి, "నువ్వెందుకు అడగలేదు అమ్మమ్మా, మీరు ఒక్క ఇంట్లోనే ఉండేవాళ్ళు కదా?" అంది. చీకటి పడేవేళ నా వెనక కుర్చీలో కూర్చుని నేను ఎప్పుడు తల తిప్పుతానా అని చూసిన మనిషి ముఖం ఎలా ఉండేదో కూడా నాకు తెలియదు. నేను తిప్పలేదు.