నడిగీత మీది ముగ్గు

టీవీలో క్రికెట్ వస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆట మీద కోపం కాదు. బ్యాట్ గీత దాటిందా లేదా అని తేల్చడానికి అక్కడ ఎటు చూసినా కెమెరాలే. ఆపుతారు, వెనక్కి తిప్పుతారు, పెద్దది చేసి చూపిస్తారు. అంత చూశాక కూడా సాయంత్రం మాజీ ఆటగాళ్ళు కోట్లు వేసుకుని కూర్చుని దాని గురించే మాట్లాడతారు. మా ఊళ్ళ కబడ్డీకి గీతలు గీసేది ముగ్గుపిండితో. గాలి వీస్తే సగం పోతుంది. ఈ మాట ఇంట్లో అని అని, మా ఆవిడ రిమోట్ నా చేతికి ఇవ్వడం మానేసింది.

నేను ఎనుమాముల మార్కెట్‌లో రైతుల మిర్చి అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాని. పగలంతా ఘాటుకు తుమ్ముతూ పని చేసుకోవడం, సాయంత్రం ఎక్కడ కబడ్డీ ఉంటే అక్కడికి బండి తీయడం. వయసులో ఉండగా నేనూ ఆడాను. కూతకు వెళ్ళే ముందు వంగి నడిగీతను వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను నుదుటికి అద్దుకోవడం మా వైపు ఆటగాళ్ళ అలవాటు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ముందువాడు చేస్తే వెనకవాడు చేస్తాడు. జుమ్మా నమాజు ఎన్నడూ మానని నేనూ చేశాను, గుడికి పోయే మా జట్టువాళ్ళూ చేశారు. గీత ముట్టకుండా లోపలికి పోతే నాకు కాలు ఆడేది కాదు.

మా దుకాణంలో బస్తాలు మోసే హమాలీ ఒకాయన ఉన్నాడు. ఆయన కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నన్ను చాచా అంటుంది. ఆ పిల్ల కూతకు వెళ్తే అవతలి జట్టు సగం వెనక్కి జరుగుతుంది. సన్నటి మనిషి, కానీ నలుగురు కలిసి పట్టినా గీత వైపు పాకుతూనే ఉంటుంది. జూనియర్లలో ఆడే వయసుకు ఇదే ఆఖరి ఏడు. ఈసారి జిల్లా జట్టులోకి వస్తే రాష్ట్ర పోటీలకు వెళ్తుంది, ఆ సర్టిఫికెట్ మీద స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు అడగొచ్చు. రాకపోతే అంతే. వాళ్ళ నాన్న బస్తా దించిన ప్రతిసారీ నాతో అదే మాట. "అన్నా, ఈ ఒక్క ఏడు గట్టెక్కితే నాకు ఫికర్ లేదే."

ధర్మసాగర్ దగ్గర జరిగిన జూనియర్ల పోటీల ఫైనల్‌కు జిల్లా జట్టును ఎంపిక చేసేవాళ్ళు కూడా వచ్చారు. నేను నడిగీతకు సూటిగా, తాడు పక్కనే నిలబడ్డాను. ఎప్పుడూ అక్కడే నిలబడతాను. ఆట చివరికి వచ్చేసరికి మా పిల్లలు ఒక్క పాయింట్ వెనక ఉన్నారు. ఆఖరి కూత ఈ పిల్లదే. ఒకమ్మాయిని తాకి తిరిగింది, మిగిలినవాళ్ళు నడుమూ కాళ్ళూ దొరకబుచ్చుకున్నారు. కింద పడింది. పడ్డా చెయ్యి చాచింది. ఆమె వేళ్ళు నడిగీత దాటి మా వైపు మట్టి మీద పడడం నేను నా రెండు కళ్ళతో చూశాను.

రెఫరీ విజిల్ వేసి అవుట్ అన్నాడు.

ఆ పిల్ల లేచి, "సార్, ముట్టిన సార్" అంది. ఆయన ఆమె చెయ్యి తిప్పి చూపించమన్నాడు. వేళ్ళకు ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. "గీత ముడితే ముగ్గు అంటాలె గద. ఏది?" అన్నాడు. ఆ మాట వినడానికి న్యాయంగానే ఉంది. అప్పుడు కిందికి చూశాను. గీత రెండు చివర్లా తెల్లగా ఉంది. మధ్యలో, అందరూ వంగి తాకి లోపలికి వెళ్ళే చోట, మూరెడు మేర ముగ్గే లేదు. పొద్దుటి నుంచి ఆడిన జట్లన్నీ అక్కడే వేళ్ళు పెట్టాయి. ఆ పోయిన ముగ్గంతా పిల్లల నుదుళ్ళ మీద ఉంది. ఆఖరికి ఈ పిల్ల నుదుటి మీద కూడా చెమటలో కలిసి తెల్లగా ఉంది.

ఆమె కూడా అదే చూసింది. "సార్, ఈడ ముగ్గే లేదు, జర వచ్చి సూడుండ్రి" అంటూ రెఫరీ మణికట్టు పట్టుకుని రెండడుగులు లాగింది. ఆయన చెయ్యి విదిలించుకుని జేబులోంచి ఎర్ర కార్డు తీశాడు. నేను తాడు కింద నుంచి దూరి వెళ్ళబోతే ఇద్దరు పట్టుకుని ఆపారు. నేను అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

మర్నాడు పేపర్ జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. ఆమె చెయ్యి రెఫరీ చేతి మీద, నోరు తెరిచి ఉంది. పైన పెద్దక్షరాల్లో రెఫరీపై క్రీడాకారిణి దాడి అని ఉంది. మా పిల్లలు ఊరూరా గెలిచిన ఇన్నేళ్ళలో ఆ పేజీలో వాళ్ళకు దొరికింది బహుమతులిచ్చే పెద్దల పక్కన రెండు లైన్లు. ఇప్పుడు మాత్రం నాలుగు కాలమ్‌ల జాగా దొరికింది. విలేకరి నంబర్ సంపాదించి ఫోన్ చేశాను. "నేను ఆడ లేనే అన్నా. వాట్సాప్‌ల వచ్చింది, ఏసిన" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. సవరణ వేస్తానన్నాడు. వారమంతా ఆ పేజీ తిప్పాను. రాలేదు.

జిల్లా కబడ్డీ సంఘం వాళ్ళు ఆ పిల్లను విచారణకు పిలిచారు. బస్తాల పని వదిలి వాళ్ళ నాన్న రాలేకపోయాడు, నేను వెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు, బల్ల మీద ఆ పేపర్ ముక్క ఉంది.

"రెఫరీ చెయ్యి పట్టుకున్నవా, లేదా?"

"పట్టుకున్న సార్. ఎందుకంటే..."

"పట్టుకున్నవు గద."

"గీత సంగతి అడుగుండ్రి సార్" అన్నాను నేను. మధ్యలో కూర్చున్నాయన నా వైపు చూసి, "నువ్వు ఎవలు?" అన్నాడు. "చూసినోణ్ణి" అన్నాను. చూసినవాళ్ళ సంగతి వాళ్ళకు అవసరం పడలేదు. చెయ్యి పట్టుకోవడం తప్పే, కాదనను. రేపు ప్రతివాడూ రెఫరీ చెయ్యి పట్టుకుంటే ఆట సాగదు. కానీ ఆ తప్పుకు ఒక కారణం ఉంది, దాన్ని ఒక్కరూ వినలేదు. సీజన్ అంతా కబడ్డీ కోర్టులో అడుగు పెట్టకూడదన్నారు. సీజన్ అంటే ఆమెకు ఉన్నదంతా అదే. బయటికి వచ్చాక ఆ పిల్ల ఏడవలేదు. "నాయినకు నువ్వే చెప్పు చాచా" అంది. చెప్పాను. ఆయన ఇంకో బస్తా భుజానికి ఎత్తుకున్నాడు.

మొన్న మా యార్డ్ వెనక ఖాళీ జాగాలో పోటీలు పెట్టారు. ఆ పిల్ల కూడా వచ్చి తాడు దగ్గర నా పక్కన నిలబడింది. ఆట మొదలయ్యే ముందే మా జట్టు పిల్లలను పిలిచి, గీత ముట్టొద్దని, దాని ఇవతలి మట్టి ముట్టి మొక్కమని ఒక్కొక్కరికీ చెప్పింది. వాళ్ళు బుద్ధిగా తలూపారు. అంతలో రెఫరీ వచ్చాడు. ధర్మసాగర్‌లో విజిల్ వేసినాయనే. కోర్టు అంచున బూట్లు విప్పి, సరాసరి నడిగీత మధ్యకు వెళ్ళి, వంగి, ముగ్గును వేళ్ళతో తాకి కళ్ళకు అద్దుకున్నాడు. రెండు చేతులతోనూ.

నాకు ఆయన మీద దాచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాలేదు. ఆయన కూడా ఒకప్పుడు మాలాగే ఆడినవాడే.

సగం ఆట అయ్యేసరికి గీత మధ్యలో మళ్ళీ మట్టి కనిపించింది. పిల్లలు చెప్పింది మరిచిపోయి అలవాటు కొద్దీ గీతనే ముట్టారు. విరామంలో ఆ పిల్ల ముగ్గు డబ్బాలోంచి దోసెడు పిండి తీసుకుని తాడు దాటబోయింది. నిర్వాహకుల్లో ఒకాయన అడ్డం వచ్చాడు. కటువుగా ఏమీ అనలేదు.

"నువ్వు లోపలికి పోవద్దు బిడ్డా. సస్పెన్షన్ల ఉన్నవ్ గద."

"ఆడుతలేను అన్నా. గీత పోయింది, పోసి వస్త."

"రూల్ అంటే రూలే."

నేను నోరు తెరిచేలోపు ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. దోసిలి డబ్బాలోకి వంచింది. విజిల్ మోగింది, అవతలి జట్టు పిల్ల కూతకు వచ్చి, వంగి, ముగ్గు లేని చోట మట్టిని తాకి నుదుటికి అద్దుకుంది. మా పిల్ల తెల్లటి చేతులు తుడుచుకోకుండా చూస్తూ నిలబడింది.