లక్ష్మీదేవికి ఇంగ్లీషు రాదు

మా ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. అశుభం మాట నోట వస్తే అమ్మ నెత్తిన మొట్టేది. నాంపల్లి స్టేషన్ రోడ్డులో తాత పెట్టిన సూట్‌కేసుల దుకాణం నడిపే నాన్నకు ఇది పెద్ద చిక్కు. గిరాకీ సంగతి ఇంట్లో చెప్పాలి, తగ్గిందని మాత్రం అనకూడదు. అందుకని ఆయన ఇంగ్లీషును ఆశ్రయించాడు.

"లక్ష్మీదేవికి ఇంగ్లీషు రాదు. ఏం ఫికర్ లేదు" అనేవాడు. అమ్మ కూడా ఒప్పుకుంది.

"జర స్లో" అంటే ఆదివారం మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం ఖాయం. "డల్" అంటే ఇద్దరికి ఒక కప్పు. "డౌన్" అంటే ఆ పూట ఆయన జోలికి పోకూడదు.

నేను గన్‌ఫౌండ్రీ దగ్గర బడిలో ఇంగ్లీషు టీచరునయ్యాక ఆయన ఇంగ్లీషు మాటల సరుకు పెరిగింది. "స్లంప్" తెగ నచ్చింది. పక్క దుకాణాయనకు చాయ్ తాగుతూ దాన్ని వినిపించి గొప్పలు పోయాడు. "డిక్లైన్" మాత్రం నచ్చలేదు. "దవాఖాన వాసనొస్తది" అన్నాడు. జనం ఫోన్లోనే పెట్టెలు తెప్పించుకుంటుంటే ఈయన మాటలు ఏరుకుంటూ కూర్చున్నాడేమిటని నాకు ఒళ్ళు మండేది. దుకాణం ఏమవుతుందోనన్న భయం అది, ఇంకేం కాదు.

పోయిన వేసవిలో, నిండు పెళ్ళిళ్ళ సీజన్లో, వారం రోజులు ఒక్క పెట్టె కదల్లేదు. ఆ వారం చివర ఒక సాయంత్రం నాన్న నా పక్కన కూర్చున్నాడు.

"బిడ్డా, డౌన్ అయింది మల్ల పైకొస్తది గదా?"

"వస్తది నాన్నా."

"మరి మల్ల పైకి రానిదాన్ని ఇంగ్లీషుల ఏమంటరు?"

అలాంటివి నాకు అరడజను తెలుసు. స్పెల్లింగు తప్పితే పిల్లల్ని నిలబెట్టి మరీ నేర్పించిన మాటలే. ఆయన ముఖం చూశాను.

"అట్లాంటి మాట లేదు నాన్నా" అన్నాను.

"ఉంటది. చెప్ప నీకు మనసొస్తలేదు" అని నవ్వాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి తెలుగులోనే గట్టిగా అన్నాడు. "ఏమే, దుకాణం ఇగ నడువది. మూసేస్తున్న."

అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఔ, నాకెరికే. నువ్వెప్పుడంటవా అని చూస్తున్న" అంది. "ఇగ లే, అన్నం తిను."