డిక్కీ మీద రెండు దెబ్బలు

ఈ సంగతి చదివాక నేను నడిపే కారు ఎక్కాలంటే మీరు భయపడతారు. ఎక్కకుండా కింద నిలబడాలంటే ఇంకా ఎక్కువ భయపడతారు. ఎందుకో ముందే చెప్పేస్తే నా పరువు మొదటి పేరాలోనే పోతుంది. కాబట్టి రెండు మూడు పేరాల దాకానైనా నన్ను పెద్దమనిషిగా చూడండి, మీకు పుణ్యముంటుంది.

నా పేరు పెంచలయ్య. మాది నెల్లూరు వైపు. అబుదాబి బయట మఫ్రఖ్‌లో లేబర్ క్యాంపుల అంబులెన్స్ నడిపి నడిపి రిటైరయ్యాను. ఇప్పుడు దుబాయ్ కరామాలో కూతురి దగ్గర, ఆమె వీసా మీద, ఆమె పెట్టే ఇడ్లీల మీద బతుకుతున్నాను. నాలాగే పిల్లల దగ్గర ఉండిపోయిన పాత అంబులెన్స్ వాళ్లం తొమ్మిది మందిమి ఉన్నాం. ఫోన్లో ‘పాత సైరన్లు’ అని ఒక గ్రూపు పెట్టుకున్నాం. పొద్దున లేవగానే ప్రతివాడూ అందులో ‘హాజర్’ అని పెట్టాలి. ఎనిమిదింటికల్లా పెట్టని వాడి ఇంటికి, దగ్గర్లో ఉన్నవాడు వెళ్లి తలుపు కొట్టాలి. ఉద్యోగమంతా ఊళ్లోవాళ్ల తలుపులు కొట్టినవాళ్లం, ముసలితనంలో మా తలుపు కొట్టేవాడూ ఒకడుండాలి కదా!

ఇది కరోనా సద్దుమణిగిన ఏడాది జరిగింది. అప్పటికి నేను రిటైరై ఆరు నెలలైంది. చేతులు ఒకటే దురద. కూరగాయలకు వెళ్లినా సైరన్ మోగించబుద్ధి అయ్యేది. శనివారం చాయ్ దగ్గర కూర్చుని కోతలు కోసేవాణ్ణి. “మనలో ఎవరికి ఏమొచ్చినా ఒక్క ఫోన్ కొట్టండబ్బా. పెంచలయ్య స్టీరింగ్ పట్టుకున్నాడంటే కేసు ఆస్పత్రికి చేరినట్టే!” అనేవాణ్ణి. వినేవాళ్లు పాపం నమ్మేవాళ్లు.

ఒక శనివారం పొద్దున గ్రూపులో మస్తాన్ గొంతు వినపడింది. మస్తాన్ నాతోపాటు మఫ్రఖ్‌లో డ్రైవరు, మా నెల్లూరువాడే, బర్ దుబాయ్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. “హాజర్ అన్నా... హాజరే గానీ, నడుములో గడ్డపార దించినట్టుంది. కిడ్నీలో పాత రాయి మళ్లీ కదిలినట్టుండాది. కొడుకు డ్యూటీకి పొయినాడు. ఎవరన్నా బిన్నా, తొందరగా రాండబ్బా!”

వాడి పక్క బిల్డింగులోనే రాజమల్లు ఉంటాడు. కరీంనగర్ మనిషి, అంబులెన్స్‌లో వెనక అటెండరుగా చేసినవాడు. అప్పటికే వెళ్లి నాకు ఫోన్ చేశాడు.

“అన్నా, మస్తు నొప్పితోని మెలికలు తిరుగుతుండు. అంబులెన్స్ పిలుద్దామానే?”

నా పౌరుషం పొంగింది. “అంబులెన్సా? మనం ఏందిరా మరి? ఆ పిల్లకాయలు దారి కనుక్కునేలోపల నేను మందు కూడా ఇప్పించేస్తా. కిందికి తీసుకురా, యల్లా, త్వరగా!”

అల్లుడి కారు తాళాలు లాక్కుని బయల్దేరాను. బర్ దుబాయ్‌లో వాళ్ల బిల్డింగు ముందు బండి ఆపడానికి చోటెక్కడ? రోడ్డు మీదే ఆపి, ఇంజన్ ఆపకుండా, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, మెడ బిగించి కూర్చున్నాను. వెనక అప్పటికే నాలుగు బండ్లు హారన్లు కొడుతున్నాయి.

ఇక్కడ మీకొక పద్ధతి చెప్పాలి. అంబులెన్స్‌లో డ్రైవరు వెనక్కి చూడడు. వెనక రక్తం ఉంటుంది, ఏడుపు ఉంటుంది, అవి చూస్తే చెయ్యి వణుకుతుంది. పేషెంటును ఎక్కించి, బెల్టు బిగించి, తలుపు వేసి, అటెండరు బండి మీద రెండు దెబ్బలు కొడతాడు. రెండు కొడితే పొమ్మని. అంతే, డ్రైవరు పోవాలి. కారణం అడగకూడదు. నా మొత్తం సర్వీసులో ఆ రెండు దెబ్బల్ని నేను ఒక్కసారి కూడా అనుమానించలేదు.

వెనక తలుపు తెరుచుకుంది. ఏదో బరువు సీటు మీద పడింది. బెల్టు టక్కున బిగిసింది. తలుపు మూసుకుంది. ఒక్క క్షణం ఆగి, ధన్ ధన్‌మని రెండు దెబ్బలు.

పోయాను.

పోవడమంటే అట్లా ఇట్లా కాదు. సందుల్లో దూరి, పసుపు లైట్లలో జారి, నాలోని ముప్పై ఏళ్ల కుర్రాడు లేచి కూర్చున్నాడు. వెనక్కి చూడకుండానే ధైర్యం చెప్పడం మొదలుపెట్టాను.

“మస్తానూ, నువ్వు మాట్లాడబాక. ఊపిరి నిదానంగా తీసుకో. మాట్లాడేది నేను మాట్లాడతా.”

మాట్లాడలేదు. ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాను.

“నొప్పిగా ఉండాదా? అరవాలంటే అరువు, సిగ్గుపడబాక.”

అరవలేదు. ఎంత ఓర్పో! నా కళ్లు చెమర్చాయి. జేబులో ఫోన్ వణుకుతూనే ఉంది, కానీ బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తని క్రమశిక్షణ నాది. ఆ పరవశంలో, ఎన్నో ఏళ్లుగా దాచిన పాపం కూడా ఒప్పుకున్నాను. “మస్తానూ, క్యాంపులో పండగనాడు నీ బిర్యానీ డబ్బా మాయమైంది చూడు, అది పిల్లి తినలేదబ్బా, నేనే తిన్నా.” అప్పుడూ ఉలుకూ పలుకూ లేదు. క్షమించేశాడని గుండె తేలికైంది.

ఆసుపత్రి ఎమర్జెన్సీ ముందు బండి ఆపి, “కిడ్నీ స్టోన్! జల్దీ!” అని కేక పెట్టాను. స్ట్రెచర్ పరిగెత్తుకొచ్చింది. మలయాళీ నర్సమ్మ వెనక తలుపు తీసి, లోపలికి చూసి, నావైపు చూసింది.

“బాబా, పేషెంట్ కహా హై?”

“అందర్ హై నా!”

“అందర్ తో బ్యాగ్ హై.”

ఆ రోజు మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను. మస్తాన్ మెడికల్ ఫైళ్లున్న నల్ల బ్యాగు, సీటు మధ్యలో, నిటారుగా, బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. రాజమల్లుకు ఏది ఎక్కించినా బెల్టు కట్టే అలవాటు.

ఫోన్ తీశాను. రాజమల్లు అరుస్తున్నాడు. “ఏందే అన్నా గా పోకుడు! చక్రాల మడత కుర్చీ పెట్టాలె, డిక్కీ తియ్యమని కొడితిని! మస్తాన్ మెట్ల మీదనే కూసున్నడు! నీ ఎన్క ఉరికి ఉరికి నా చెప్పు తెగె!”

నొప్పితో ఉన్న మనిషిని రోడ్డు మీద వదిలేసి, వాడి బ్యాగుకు ధైర్యం చెబుతూ వచ్చాను! కళ్లు తిరిగి బానెట్ మీద వాలాను. నర్సమ్మ నా బీపీ చూసి కనుబొమలు ఎగరేసింది. తెచ్చిన స్ట్రెచర్ ఖాళీగా ఎందుకు పోవాలి? నన్నే పడుకోబెట్టారు.

ఛాతీ నిండా వైర్లతో పడుకుని ఉండగా టాక్సీలో మస్తాన్ వచ్చాడు, నడుము పట్టుకుని. వాణ్ణి పక్క మంచం మీద పడుకోబెట్టి ఇంజక్షన్ పొడిచారు. కాసేపటికి మిగతా సైరన్లు కూడా దిగారు. మస్తాన్ కోసం వచ్చి, ఏ మంచం దగ్గర నిలబడాలో తెలియక మధ్యలో నిలబడ్డారు.

నాకు ఏడుపు ఆగలేదు. “నిన్ను వదిలేసి వచ్చేసినానే మస్తానూ!”

“నువ్వు వదిలేస్తే మాత్రం? నీ ఎనకాలే వస్తిమి గదన్నా. నన్ను నవ్వించబాక, రాయి కదల్తా ఉండాది.”

ఆ మాటకు నా గుండె నిండిపోయింది. ఇలాంటి వాళ్లు ఎనిమిది మంది ఉంటే మనిషి ఎన్నిసార్లు రిటైరైనా ఫర్వాలేదు.

అంతలో నర్సమ్మ కాగితం పట్టుకుని మస్తాన్ దగ్గరికొచ్చింది. అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలో నంబరు చెప్పమంది. మస్తాన్ తడుముకోకుండా ఒక నంబరు చెప్పాడు. సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఆమె అక్కడే డయల్ చేసింది.

పక్క మంచం మీద, వైర్ల కింద, నా జేబులో ఫోన్ మోగింది.

ఎత్తాను. “హలో” అన్నాను. నర్సమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నావైపు తిరిగింది.

“ఇంత జరిగినాక కూడా నా నంబరేందిరా?” అన్నాను.

“ఇంకెవరిది చెప్పమంటావన్నా?” అన్నాడు మస్తాన్.

అందుకే, సకల దేవతల సాక్షిగా, ట్రాఫిక్ పోలీసుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఎవరు ఎన్ని దెబ్బలు కొట్టినా సరే, వెనక్కి తిరిగి, కూర్చున్నది మనిషో సామానో ముట్టుకుని చూసి, పేరడిగి, జవాబు వచ్చాకే గేరు మారుస్తాను. జవాబు రాకపోతే నా పాపాలేవీ ఒప్పుకోను.