పడుగు కోసిన చెయ్యి

నా చిన్నప్పుడు సిద్దిపేటల ఎలుకలు సచ్చుడు మొదలైందంటే జనం ఊరిడిశి పోయేటోళ్లు. ప్లేగు అని పేరెత్తుటానికి గూడ భయమే. ఇండ్లకు తాళాలేసి, చేన్లల్ల తడకల గుడిసెలు ఏసుకొని, రోగం చల్లారినంక మళ్ల వచ్చేటోళ్లు. ఆ ఏడు మా సాలోళ్ల వాడంతా అట్లనే ఖాళీ అయింది. మేమూ పక్కింటోళ్లూ మాత్రం కదల్లే. ఎందుకంటరా? మగ్గాల మీద చీరెలున్నయి గద!

మా నాయిన నేస్తున్నది ఎవలదో పెండ్లిచీరె, సగం గూడ కాలే. గుంటల పాతిన మగ్గాన్ని ఎత్తుకపోలేం. నేత నడుమ పడుగు పోగులు, అంటే మగ్గం మీద నిలువుగ కట్టిన దారాలు, కోస్తే ఆ ఇంట్ల ఒక ప్రాణం పోతదని మావోళ్ల నమ్మిక. చీరె దించినంకనే పోదామని నాయిన, పక్కింటి మామ ఒక్కతీరే మొండికేసిన్రు. మా అమ్మ ఎంత ఏడ్సినా ఇనలే.

ఒకనాడు పొద్దుగాల మగ్గం గుంటల, నాయిన కాళ్లు పెట్టే జాగల, ఎలుక సచ్చి పడున్నది. నేను సూశి కెవ్వున అరిశిన. నాయిన దాన్ని తీసి పారేశి, ఎవలకు చెప్పకని నన్ను గద్దించి మళ్ల గుంటల దిగవోయిండు.

మా బాపమ్మ, అంటే నాయినను కన్నతల్లి, అంతా సూశింది. కొడవలి తెచ్చి పడుగును ఈ కొస నుంచి ఆ కొసదాక కోసి పారేశింది. నాయిన నెత్తి కొట్టుకుంట కూలవడ్డడు.

"పోయే ప్రాణం నాదే పోనీ కొడుకా. నువ్వైతే లెవ్వు," అన్నది. మూఢనమ్మకం లేని మనిషి అనుకునేరు. ఇంట్ల అందరికంటె ఎక్కువ నమ్మేది ఆమెనే.

ఊరిడిశి పోతపోత పక్కింటి తలుపు కొట్టి మామను గూడ రమ్మని బతిమాలింది. రేపో ఎల్లుండో చీరె దించి వస్తనన్నడు.

గుడిసెల నాయిన బాపమ్మతోని పలకలే, ఆమె వండిన బువ్వ ముట్టలే. నాకూ ఆమె మీద కోపమే వచ్చింది. పాపం, ఒక మూలకు ముడుసుకొని కూసునేది. కొన్ని దినాలకు పక్కింటి మామ ప్లేగుతోని పోయిండని కబురొచ్చింది. ఆ పూట నాయిన ఆమె ముంగట కూసొని, "గింత బువ్వ పెట్టవే అవ్వా," అని చిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండు.

బాపమ్మ బువ్వ పెట్టింది గని ఆమెకు నిమ్మళం కాలే. మా ఇంటికి రావాల్సిన సావు తన చేతుల మీదికెళ్లి పక్కింటికి పోయిందని కన్ను మూసేదాక కుమిలింది. రోగం ఎట్లొస్తదో, ఎలుకల మీద నెత్తురు తాగే గోమార్లు మనిషిని కుట్టి ఎట్ల అంటిస్తయో నేను పెద్దగైనంక తెలుసుకున్న. అప్పటికి చెప్పుదామంటే ఆమె లేదు.

ఇప్పుడు మా ఇంట్ల పిల్లలకు సూదులు ఏపిచ్చుడు కాడ, జరమొస్తే దవాఖానకు తోల్కపోవుడు కాడ ఎవలన్న అడ్డమొస్తే నేను వాదులాడ. పిల్లను సంకనేసుకొని నడుస్త. ముందు బతకనీ, తిట్లు తర్వాత తింట.