అమావాస్యనాడు తీసిన రంగుల ఫొటో

దయ్యాలనీ శకునాలనీ నేనెన్నడూ నమ్మలేదు. డోన్‌లో ఒక మండీలో లెక్కలు రాసేవాణ్ణి. బడి చదువు తక్కువే. గణితం, ఫొటోలు తీయడం రెండూ పుస్తకాలు చూసి నేర్చుకున్నవే. సరిగ్గా వేస్తే ఏ లెక్కా తప్పదన్నదొక్కటే నా నమ్మకం.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రంగుల ఫిల్ము కొనే స్తోమత లేక, అందరూ వదిలేసిన పాత పద్ధతి ఒకటి పట్టుకున్నాను. కెమెరా కదలకుండా ఒకే దృశ్యాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాల గుండా మూడు ప్లేట్ల మీద తీయాలి. ఒక్కో ప్లేటు నుంచి ఒక్కో రంగు పొర తయారుచేసి, మూడూ ఒకదానిమీద ఒకటి పెడితే అసలు రంగులు వస్తాయి. మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే ఒక్క రంగు మరకే పడుతుంది, నిండు మనిషి రాడు.

కడప జిల్లాలో మా అత్తగారింట్లో, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే గుంట మగ్గం ఉండేది. నా బావమరిది ఓబులేసు నేసేవాడు. అమావాస్యనాడు వాళ్లు మగ్గం ముట్టరు. అందుకే ఆ రోజు, మన్ను మిద్దె కప్పులోని గవాచి కంతలోంచి పడే వెలుగులో, సగం నేసిన ఎర్ర చీరతో సహా ఖాళీ మగ్గాన్ని ఫొటో తీశాను. ఓబులేసు నా పక్కనే నిలబడి అద్దాలు అందించాడు.

డోన్‌కు వచ్చి పొరలు కలిపి చూస్తే గుంటలో మనిషి కూర్చుని ఉన్నాడు. తల వంచుకున్నాడు. ఓబులేసే. జుట్టు, భుజాలు మాత్రం మన్ను రంగులో ఉన్నాయి. మనిషి సంగతి అంతుపట్టలేదు; ఆ మన్ను రంగు నేను కలపడంలో పొరపాటనుకున్నాను.

తీసుకుపోయి చూపిస్తే ఓబులేసు పడీపడీ నవ్వాడు.

"ఏం బావా, అమావాస్య పూట గూడా నాతో పని చేయిస్తాండావే!"

అత్త నవ్వలేదు.

"రేయ్, ఆ గుంటలోకి దిగొద్దురా. మగ్గం వసారాలోకి మార్చుకో."

"ఈ పడుగు అయిపోనీమ్మా. చీర సగంలో ఉంటే ఎట్ల ఇప్పేది?"

కొన్నాళ్లకే ముసురు పట్టింది. పట్టపగలు, అతను నేస్తుండగానే మన్ను మిద్దె కూలింది. మట్టి తీస్తే ఓబులేసు గుంటలోనే ఉన్నాడు, తల వంచుకుని.

కర్మలయ్యాక ఆ మూడు ప్లేట్లనూ విడివిడిగా వెలుగుకు పట్టి, భూతద్దంతో వెతికాను. మూడింట్లోనూ గుంట ఖాళీ. కొత్తగా పొరలు చేసి కలిపాను. మళ్లీ కూర్చుని ఉన్నాడు.

అత్తకు చెప్పాను.

"వాటిని కలపొద్దు నాయనా. కలిపినప్పుడల్లా వాడు మళ్లా గుంటలోకి దిగుతాండాడు."

విడివిడిగానే దాచాను. మూడు సున్నాలు కూడితే మనిషి ఎలా వచ్చాడో నాకు నేటికీ తెలియదు.